‘పేరు రాయిస్తా’ అన్నదెవరు? తప్పుడు కేసుల చరిత్రను తలకిందులు చేస్తున్నవాళ్ళకు జవాబు

ఆ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో గ్రామాలూ చట్టమూ అనే అంశం మీద సెమినార్ జరిగింది. వేదిక మీదున్న ఒక పెద్దాయన, వెనకటి రోజుల్లో కత్తి చూపించి డబ్బు గుంజేవాళ్ళు, ఇప్పుడు అట్రాసిటీ కేసు చూపించి గుంజుతున్నారు అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో చరిత్ర చదువుకున్నవాళ్ళున్నారు, చట్టం పాఠాలు చెప్పేవాళ్ళున్నారు. నేను చేయెత్తాను. సమయం అయిపోయిందన్నారు. ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నను ఇక్కడ రాస్తున్నాను.

తప్పుడు కేసు పెడతానని బెదిరించి డబ్బు, చాకిరీ, భూమి గుంజుకోవడం ఈ దేశంలో ఉందా? ఉంది. చాలా కాలం నుంచి ఉంది. కానీ ఆ పని చేసిందెవరు? ఎవరి మీద చేశారు? ఆ పని చేయగలిగే స్థానంలో ఉన్నదెవరు?

కాస్త ఆలోచిస్తే తెలిసే విషయం ఇది. అబద్ధపు ఆరోపణ డబ్బు గుంజే ఆయుధంగా మారాలంటే మూడు ఉండాలి. ఒకటి, ఆరోపించేవాడి మాటను ఠాణాలో, కచేరీలో వెంటనే నమ్మాలి. రెండు, ఆరోపణకు గురైనవాడి మాటను ఎవరూ నమ్మకూడదు. మూడు, కేసు నడిచినంత కాలం ఒకడు నిబ్బరంగా కూర్చోగలగాలి, రెండోవాడి పొయ్యి ఆరిపోవాలి. ఈ మూడూ లేనివాడు ఎంత పెద్ద అబద్ధం ఆడినా పైసా రాలదు. పైగా వాడే తన్నులు తింటాడు. మన ఊళ్ళలో ఈ మూడూ ఎవరికి ఉన్నాయో సెమినార్ హాలుకు తెలియకపోవచ్చు. మా అవ్వకు తెలుసు.

మాది నెల్లూరు వైపు ఎరుకల కుటుంబం. అవ్వ వాళ్ళ నాయన ఈతబరిగెలతో తట్టలు, బుట్టలు అల్లేవాడు. వాటిని పక్క ఊళ్ళలో అమ్ముకోవాలంటే ముందు మునసబు ఇంటికి వెళ్ళి చీటీ తెచ్చుకోవాలి. చీటీకి రుసుం లేదు. కానీ ఒట్టి చేతులతో వెళ్తే చీటీ రాదు. ఒకసారి కోడి, ఒకసారి రెండు తట్టలు, కోతల కాలంలో నాలుగు రోజుల వెట్టి. ‘ఇవ్వకపోతే ఏం చేసేవాడవ్వా?’ అని చిన్నప్పుడు అడిగాను. ‘పేరు రాయిస్తానంటాడు తల్లీ. పేరు రాస్తే ఇంకేముంది, పోలీసోళ్ళు రావడమే’ అంది. దొంగతనం జరిగిందా లేదా అన్న ప్రశ్న ఆ మాటలో లేదు. పేరు రాయడమే నేరం రుజువు కావడం. తర్వాత పరిశోధనలో భాగంగా పాత చట్టాలు చదువుతుంటే, అవ్వ చెప్పిన ‘పేరు’ అనే మాట చుట్టూనే ఈ చరిత్రంతా తిరుగుతోందని అర్థమైంది.

ముందు బ్లాక్‌మెయిల్ అనే మాట సంగతి చూద్దాం. ఇది స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు ప్రాంతంలో పుట్టింది. ‘మెయిల్’ అంటే అక్కడి భాషలో శిస్తు, కప్పం. మీ పశువుల జోలికి రాకుండా ఉండాలంటే ఇంత చెల్లించండి అని బలమున్న ముఠాలు రైతుల దగ్గర వసూలు చేసేవి. అంటే ఆ మాట పుట్టుకలోనే బలవంతుడు బలహీనుడి దగ్గర తీసుకునేది అనే అర్థం ఉంది. 18వ శతాబ్దం నాటికి ఇంగ్లండ్‌లో ఇంకో రకం వసూలు పెరిగింది. స్వలింగ సంపర్కం ఆరోపణ చేస్తానని మగవాళ్ళను బెదిరించి డబ్బు లాగడం. ఆ నేరానికి అప్పట్లో ఉరిశిక్ష. కత్తి చూపకపోయినా సరే, ఆ బెదిరింపుతో డబ్బు తీసుకుంటే అది దోపిడీయేనని 1770లలో అక్కడి కోర్టులు తేల్చాయి.

ఆ భయమే ఓడెక్కి మన దేశానికి వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 388, 389 సెక్షన్లు తీసి చూడండి. మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్ళ జైలో పడే నేరం మోపుతానని బెదిరించి వసూలు చేస్తే పదేళ్ళ దాకా శిక్ష. మోపుతానన్న నేరం 377 కిందిదైతే వసూలు చేసినవాడికి యావజ్జీవం కూడా వేయవచ్చు. అంటే 377ను అడ్డుపెట్టుకుని మనుషుల్ని పీడిస్తారని ఆ సెక్షన్ రాసిన రోజే రాసినవాళ్ళకు తెలుసు. తెలిసి కూడా నేరాన్ని తీసేయలేదు, బెదిరించేవాడికి శిక్ష పెంచారు. ఫలితం ఏమిటి? పీడనకు గురైనవాడు ఫిర్యాదు చేయాలంటే ముందు తన గురించి తానే ఠాణాలో చెప్పుకోవాలి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377లోని ఆ భాగాన్ని కొట్టేసేదాకా, పోలీసులూ గూండాలూ దాన్ని చూపించి స్వలింగ సంపర్కుల దగ్గర, హిజ్రాల దగ్గర వసూళ్ళు చేస్తూనే వచ్చారు. ఒక మనిషి ఉనికినే నేరంగా రాసిపెడితే, ఆ రాత ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు అది ఆదాయం అవుతుంది. ఈ సూత్రం గుర్తుంచుకోండి.

388 సెక్షన్ ఎవరిని కాపాడటానికి రాశారు? పోగొట్టుకోవడానికి ఒక ‘పేరు’ ఉన్నవాడిని. పరువు, ఆస్తి, హోదా ఉన్న పెద్దమనిషిని. మరి పుట్టుకతోనే పేరు చెడగొట్టి పెట్టినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళకు ఇంకో చట్టం ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అలవాటు నేరస్తుడని అనుమానించిన వ్యక్తి దగ్గర మంచి నడవడికకు జామీను అడిగే ఏర్పాటు ఉంది. 1898 కోడ్‌లో అది 110వ సెక్షన్. జామీను ఇవ్వలేకపోతే జైలు. అతను అలవాటు నేరస్తుడని ఎలా రుజువు చేస్తారు? నలుగురూ అతని గురించి ఏమనుకుంటున్నారో, ఆ ప్రతీతినే సాక్ష్యంగా తీసుకోవచ్చని ఆ కోడ్ చెప్పింది. నలుగురూ అంటే ఎవరు? మునసబు, కరణం, మోతుబరి. గూడెంలో మనిషికి మంచి పేరుందో చెడ్డ పేరుందో వాళ్ళే చెప్తారు. ఒకే దొరతనం, రెండు చట్టాలు. ఒక దాంట్లో పెద్దమనిషి పేరు ఆస్తి, దానికి కాపలా. ఇంకో దాంట్లో పేదవాడి పేరు అతని మీదే సాక్ష్యం. ప్రతీతిని సాక్ష్యంగా తీసుకునే ఆ ఏర్పాటు ఇవాళ్టి నాగరిక్ సురక్షా సంహితలో కూడా కొనసాగుతోంది.

ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ కథ చెప్పుకోవాలి. 1816 నాటి 11వ రెగ్యులేషన్ గ్రామ పెద్దనే పోలీసు అధికారిని చేసింది. చిన్నచిన్న తగాదాల్లో కింది కులాలవాళ్ళను కొన్ని గంటలు బొండకొయ్యలో బిగించే అధికారం కూడా అతనికిచ్చింది. అంతకంటే పై కులాలవాళ్ళకు ఆ శిక్ష లేదు. కులాన్ని బట్టి శిక్ష అనే మనుధర్మం కంపెనీ రెగ్యులేషన్‌లోకి అలా నడిచి వచ్చింది. పైన తహసీల్దారు చేతిలో శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ ఉండేవి. పగలు శిస్తు అడిగే బంట్రోతే రాత్రి దొంగల్ని పట్టేవాడు. అతను ఒక మనిషిని దొంగ అన్నాడంటే, దొంగతనం జరిగిందనా, మామూలు ముట్టలేదనా? తేల్చేదెవరు?

ఇది నా ఊహ కాదు. ఈ అధికారుల చిత్రహింసల గురించి బ్రిటిష్ పార్లమెంటులో గొడవ జరిగాక మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేసింది. 1855లో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు కోసమూ, నేరం ఒప్పించడం కోసమూ, లంచం గుంజడం కోసమూ చిత్రహింసలు పెడుతున్నారని తేల్చింది. వేళ్ళను చెక్కల మధ్య నొక్కే కిట్టీ, మెడను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలబెట్టడం ఆ నివేదికలో ఉన్నాయి. ఆ తర్వాతే 1859లో మద్రాసులో శిస్తు శాఖ నుంచి పోలీసును విడదీశారు. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదనే నియమం మొదట 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి, తర్వాత 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోకి వచ్చింది. పోలీసు మాటను నమ్మలేమని చట్టమే చెప్పుకుందన్నమాట.

కానీ అదే దొరతనం, సాక్ష్య చట్టానికి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఒక మనిషి ఒప్పుకోలు విషయంలో నమ్మలేని పోలీసును, ఒక జాతి మొత్తాన్ని దొంగలని ముద్ర వేసే విషయంలో నమ్మింది. ఒకసారి నోటిఫికేషన్ వెలువడితే దాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసింది. వాదన లేదు, సాక్షి లేడు, అప్పీలు లేదు. కడుపులో బిడ్డ కూడా ముద్దాయే.

దీనికి ముందు మెట్టు కూడా ఉంది. థగ్గుల పేరుతో తెచ్చిన 1836 నాటి 30వ చట్టం, ఫలానా దొంగతనం చేశాడని కాదు, థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష అంది. తేల్చేది ప్రధానంగా అప్రూవర్ల మాట. పట్టుబడి ప్రాణం కాపాడుకోవడానికి అప్రూవరైనవాడు వేలు చూపిస్తే ఆ మనిషి జీవితం ముగిసినట్టే. వేలు చూపించగలవాడు చూపించకుండా ఉండటానికి ధర అడగడా? అమాయకులను పేరు చెప్తామని బెదిరించి అప్రూవర్లూ, వాళ్ళ వెంట తిరిగే సిపాయిలూ డబ్బు గుంజుతున్నారని ఆనాడే ఫిర్యాదులు వచ్చాయి. అయినా ఆ పద్ధతినే 1871 చట్టం దేశదిమ్మరి జాతుల మీదికి తెచ్చింది.

మొదట ఉత్తరాదికే పరిమితమైన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల, కొరవ జాతుల మీద అది పడింది. అది నడిచిన తీరు చూడండి. పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. హాజరు పుస్తకంలో ఒక రోజు గైరు రాస్తే అది నేరం. రాత్రిపూట అనుమానాస్పదంగా కనిపించాడంటే మూడేళ్ళ దాకా జైలు. ఇక వసూలు చేయాలనుకునేవాడికి అబద్ధపు దొంగతనం కల్పించే శ్రమ కూడా అక్కర్లేదు. కలంతో ఒక గీత గీస్తే చాలు. ఆ గీత గీయకుండా ఉండటానికే కోడి, తట్టలు, వెట్టి. మా అవ్వ ‘పేరు రాయించడం’ అంటే ఇదే.

తెలుగులో లంచానికి ‘మామూలు’ అని పేరు. మామూలు అంటే ఎప్పుడూ ఉండేది, రోజూ జరిగేది అని. అంత రోజువారీ అయిపోయింది కాబట్టే ఆ దోపిడీకి బ్లాక్‌మెయిల్ అని పేరు పెట్టలేదు. అదే పని కింద నుంచి పైకి జరిగిందన్న అనుమానం వస్తే మాత్రం వెంటనే పేరు దొరుకుతుంది.

ఆ చట్టంతో గుంజుకున్నది డబ్బు ఒక్కటే కాదు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు లోపలి ఊళ్ళకు తీసుకుపోయి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, రైళ్ళు వచ్చి ఆ బతుకు పోయింది. బతుకు పోయినవాళ్ళకు దొంగలని పేరు వచ్చింది. సాల్వేషన్ ఆర్మీ నడిపిన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి సెటిల్‌మెంట్లలో వాళ్ళను పెట్టారు. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. పని మానితే ఏమవుతుంది? సెటిల్‌మెంట్ విడిచి పారిపోయినట్టు. అది నేరం. కూలీ బేరం ఆడలేని కూలీని చట్టమే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టింది. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా రాశారు. ఆమె పుస్తకం 2001లో వచ్చింది. నేరస్థ జాతుల చట్టం వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్న వేసుకోకుండా ఆ చట్టాన్ని చదవలేమని దాన్ని చదివినవాళ్ళకు తెలుస్తుంది.

ఉత్తరాదిలో చమార్ల మీద మోపిన నేరం ఇంకో రకం. 19వ శతాబ్దం మధ్య నుంచి తోళ్ళ వ్యాపారానికి గిరాకీ పెరిగింది. చచ్చిన పశువు తోలు మీద హక్కు ఎవరిది అన్న తగాదా ముదిరింది. ఆ కాలంలోనే, చమార్లు తోలు కోసం పశువులకు పాషాణం పెట్టి చంపుతున్నారనే ఆరోపణ ఠాణాల్లో, సర్కారు నివేదికల్లో గుట్టలుగా పేరుకుంది. రామ్‌నారాయణ్ రావత్ 2011లో అచ్చయిన తన పుస్తకంలో ఈ రికార్డులను తిరగేశారు. చమార్లలో ఎక్కువమంది నిజానికి వ్యవసాయదారులు. అయినా వాళ్ళను తోలు పనివాళ్ళుగా, ఆపై పశువులకు విషం పెట్టే నేరస్తులుగా ఆ రికార్డులు ఎలా తయారు చేశాయో చూపించారు. ఊళ్ళో ఎద్దు చచ్చిపోతే ఇక ఎవరి ఇల్లు సోదా చేస్తారో చెప్పక్కర్లేదు. పశువుకు జబ్బు చేసిందా, విషం పెట్టారా అన్నది తేలేలోపు చమారువాడలో మగవాళ్ళు హాజతులో ఉంటారు.

ఈ వ్యవస్థ లోపలి తీరును బాబాసాహెబ్ అంబేడ్కర్ అందరికంటే స్పష్టంగా చూశారు. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో ఆయన సభ్యులు. అణగారిన వర్గాల, ఆదివాసుల పరిస్థితి మీద ఆ కమిటీ 1930లో నివేదిక ఇచ్చింది. అంటరానివాళ్ళు తమ హక్కు వాడుకోబోతే ఊరు వాళ్ళను భూమి నుంచి వెళ్ళగొడుతుంది, పని ఆపేస్తుంది, సాంఘిక బహిష్కారం చేస్తుంది అని అందులో ఉంది. ఆ తర్వాతి రచనల్లో ఆయన పదేపదే చెప్పిన మాట, పోలీసు, మేజిస్ట్రేటు కూడా సవర్ణ సమాజం నుంచే వస్తారు, ఊరికీ వాడకూ మధ్య తగాదా వస్తే వాళ్ళు ముందు ఊరి మనుషులు, ఆ తర్వాతే అధికారులు అని. చట్టం ముందు అందరూ సమానమే కావచ్చు, చట్టాన్ని చేతిలో పట్టుకున్న మనిషి ముందు కారు. గ్రామాన్ని రాజ్యాంగానికి పునాది చేయమని అడిగినవాళ్ళకు 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన అంత కటువుగా జవాబివ్వడానికి ఈ అనుభవమే కారణం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఈ చట్టాన్ని తప్పుడు కేసుల పుట్ట అంటున్న మేధావులను ఒక్కటి అడుగుతున్నాను. దాని మూడో సెక్షన్ ఎప్పుడైనా పూర్తిగా చదివారా? దళితుల మీద, ఆదివాసుల మీద అబద్ధపు, దురుద్దేశపూరితమైన కేసు పెట్టడం ఆ సెక్షన్ ప్రకారం అత్యాచారం. వాళ్ళకు హాని కలిగేలా అధికారికి తప్పుడు సమాచారం ఇవ్వడం కూడా అత్యాచారమే. 1989లో ఇవి మూడో సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌లో ఎనిమిది, తొమ్మిది క్లాజులు. 2015 సవరణ తర్వాత ‘పి’, ‘క్యూ’ క్లాజులు. ఉరిశిక్ష పడే నేరంలో అబద్ధపు సాక్ష్యం చెప్పి దళితుడిని ఇరికిస్తే యావజ్జీవం. ఆ సాక్ష్యం వల్ల అమాయకుడిని ఉరి తీస్తే సాక్ష్యం చెప్పినవాడికి మరణశిక్ష.

దీని అర్థం ఏమిటి? తప్పుడు కేసు అనేది కులం చేతిలో ఆయుధమని, పేరు రాయిస్తాననే బెదిరింపు మన మీద శతాబ్దాలుగా నడిచిన దోపిడీ అని, దాన్ని కులపరమైన నేరంగా గుర్తించి సెక్షన్లు రాసిన చట్టం ఇది. 388 పెద్దమనిషి పేరును కాపాడింది. ఆ తర్వాత 129 ఏళ్ళకు గూడెం మనిషి పేరును కాపాడటానికి ఈ క్లాజులు వచ్చాయి. అలాంటి చట్టాన్ని పట్టుకుని తప్పుడు కేసుల చట్టం అనడం దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

ఆ అరుపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో జస్టిస్ ఎ.కె. గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ధర్మాసనం, ఈ చట్టాన్ని బ్లాక్‌మెయిల్‌కు వాడుతున్నారని ఆందోళన పడింది. కేసు నమోదుకు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చంది. ఉద్యోగిని అరెస్టు చేయాలంటే నియామక అధికారి అనుమతి, ఇతరులనైతే జిల్లా పోలీసు ఉన్నతాధికారి అనుమతి కావాలంది. ముందస్తు బెయిల్‌కు తలుపు తెరిచింది. ఇదే ధర్మాసనం 2017 జులైలో 498-ఎ కేసులో ఆడవాళ్ళ ఫిర్యాదుల మీద కూడా ఇలాంటి అనుమానమే వ్యక్తం చేసి, కుటుంబ సంక్షేమ కమిటీలు వడపోయాలని చెప్పింది. ఆడదాని మాట, దళితుడి మాట ముందు వడపోతకు వెళ్ళాలి. మిగతావాళ్ళ మాట నేరుగా ఎఫ్ఐఆర్‌లోకి వెళ్తుంది.

2018 ఏప్రిల్ 2న దేశమంతా దళిత బహుజనులు బంద్ చేశారు. ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18-ఎ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబర్ 1న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ఎస్సీ, ఎస్టీలు చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని ముందే ఊహించడం తగదని, తప్పుడు ఫిర్యాదు మనిషి లోపం తప్ప కులం లక్షణం కాదని ఆ తీర్పు సారం. 2020 ఫిబ్రవరి 10న 18-ఎ సెక్షన్ కూడా నిలబడింది. చట్టపరంగా ఆ వాదన ఓడిపోయింది. సెమినార్ హాళ్ళలో మాత్రం ఇంకా చప్పట్లు కొట్టించుకుంటోంది.

వాళ్ళ ప్రధాన ఆధారం ఏమిటి? శిక్షలు తక్కువ పడుతున్నాయి, చాలా కేసులు కొట్టేస్తున్నారు, కాబట్టి అవి తప్పుడు కేసులు. ఈ తర్కాన్ని చుండూరుకు వర్తింపజేయండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. మీ లెక్క ప్రకారం ఇది తప్పుడు కేసు. మరి ఆ ఎనిమిది శవాలు ఎవరివి? కేసు వీగిపోవడమంటే నేరం జరగలేదని కాదు. దర్యాప్తు చేయాల్సినవాడు చేయలేదని, సాక్షికి ఊళ్ళో బతకాల్సిన అవసరం ఉందని, 23 ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక కూలి మనిషికి లేదని కూడా కావచ్చు.

ఊళ్ళో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకు ఇంకో మాట తెలుసు. కౌంటర్ కేసు. దళితుడు దెబ్బలు తిని ఠాణాకు వెళ్ళి కేసు పెడతాడు. సాయంత్రానికి అతని మీద దొంగతనమో, దౌర్జన్యమో, ఆడపిల్లను వేధించాడనో ఇంకో కేసు వస్తుంది. తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు. నువ్వు నీది తీసుకో, వాళ్ళు వాళ్ళది తీసుకుంటారు అంటారు. దీన్ని రాజీ అంటారు. అబద్ధపు ఆరోపణతో బెదిరించి ఒక మనిషి న్యాయాన్ని అతని చేతిలోంచి గుంజుకోవడం ఇది. ఆ రాజీ తర్వాత కొట్టేసిన కేసు కూడా చివరికి తప్పుడు కేసుల లెక్కలోనే చేరుతుంది. మన మీద చేసిన బ్లాక్‌మెయిల్ ఫలితాన్నే మనం బ్లాక్‌మెయిల్ చేశామనడానికి రుజువుగా చూపిస్తున్నారు.

ఒక్క తప్పుడు అట్రాసిటీ కేసు కూడా లేదని నేను అనడం లేదు. దళితులు దేవతలు కారు, మనుషులు. కొన్నిచోట్ల ఇద్దరు ఆధిపత్య కులాల నాయకుల గొడవలో ఒకడు తన దగ్గర పనిచేసే దళితుడి చేత రెండోవాడి మీద కేసు పెట్టించడం ఉంది. అక్కడ కూడా చూడండి, ఫిర్యాదు కింద వేలిముద్ర దళితుడిది, దాని వెనక ఉన్నది దొర. నిజంగా అబద్ధపు ఫిర్యాదు చేసినవాడిని శిక్షించడానికి 1860 శిక్షాస్మృతిలోనే 182, 211 సెక్షన్లు ఉన్నాయి, ఇప్పటి న్యాయ సంహితలోనూ ఉన్నాయి. హత్య కేసుల్లో, భూమి కేసుల్లో, చెక్కు కేసుల్లో అబద్ధాలు లేవా? వాటిని చూపించి హత్యా నేరం తీసేయమని ఎవరైనా సెమినార్ పెట్టారా? ఒక్క ఈ చట్టానికే వచ్చేసరికి ఫిర్యాదుదారు కులమే అనుమానానికి ఆధారమవుతోంది. పుట్టుకను బట్టి మనిషి మాట నమ్మకపోవడం 1871 చట్టం చేసిన పని. చట్టం పోయింది, ఆ చూపు పోలేదు.

చట్టం కూడా పూర్తిగా పోలేదు. అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫారసు తర్వాత 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం రద్దయింది. విముక్త జాతులు ఆ రోజును పండుగ చేసుకుంటాయి. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. జాతి పేరు తీసేసి మనిషి పేరు రాశారు, రాసేవాడు మారలేదు. జైలు మాన్యువళ్ళలో విముక్త జాతులను ఇంకా పుట్టు నేరస్తులుగా చూసే నియమాలను కొట్టేయడానికి 2024 అక్టోబర్ 3 నాటి సుకన్య శాంత కేసు తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. మన సినిమాలు సరేసరి. 1991 నుంచి 2023 దాకా స్టువర్టుపురాన్ని దొంగల ఊరుగా చూపించి టికెట్లు అమ్ముకున్నాయి. ఆ ఊరి పిల్లలు కాలేజీలో తమ ఊరి పేరు చెప్పడానికి తడబడుతుంటే, ఆ పేరు మీద వేరేవాళ్ళు డబ్బు చేసుకుంటున్నారు. ఇది వసూలు కాదా?

తోటి పరిశోధక విద్యార్థులకు, పాఠాలు చెప్పే గురువులకు చివరిగా ఒక మాట. ‘చట్టాల దుర్వినియోగం’ మీద థీసిస్‌లు వస్తున్నాయి, రానివ్వండి. కానీ ఠాణా రికార్డు చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు అది ఎవరు రాశారో అడగండి. ‘కేసు అబద్ధమని తేలింది’ అన్న వాక్యం కనిపిస్తే, తేల్చిందెవరు, ఎన్నాళ్ళకు, ఫిర్యాదుదారు ఆ మధ్యలో ఎవరి పొలంలో కూలికి వెళ్ళాడు అని అడగండి. మునసబు పుస్తకంలో మా ముత్తాత పేరు ఎదుట ‘గైరు’ అని ఉంటే, అది అతను ఊళ్ళో లేడనడానికి రుజువు కాదు. ఆ వారం అతను కోడి ఇవ్వలేదనడానికి కూడా రుజువు కావచ్చు. ఈ తేడా తెలియని చరిత్ర మునసబు పుస్తకానికి నకలు మాత్రమే.

ఆ రోజు సెమినార్‌లో నవ్వినవాళ్ళలో నా తోటి విద్యార్థులు కూడా ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ ఇళ్ళలో ఎవరూ చీటీ కోసం కోడి పట్టుకుని మునసబు అరుగు ముందు నిలబడలేదు. మా ఇంట్లో నిలబడ్డారు. అవ్వ కాలంలో మా పేర్లు వాళ్ళు రాశారు. ఇప్పుడు ఫిర్యాదు కాగితం మీద మా పేరు మేమే రాసుకుంటున్నాం. వాళ్ళు బ్లాక్‌మెయిల్ అంటున్నది దీన్నే. ఏమన్నా అననివ్వండి, రాయడం మాత్రం ఆపం.

జై భీమ్!